నాశనానికి నెపం కావాలా?

కట్టె మండి బూడిద అయితే, నిప్పు దాన్ని నాశనం చేసిందని అందరం అంటాం. వసుబంధుడు ఒప్పుకోడు. క్రీస్తుశకం నాలుగైదు శతాబ్దాల నాటి ఈ బౌద్ధాచార్యుడు అభిధర్మకోశ భాష్యంలో, కర్మను చర్చించే నాలుగో అధ్యాయంలో, నాశనానికి కారణమే అక్కర్లేదని వాదిస్తాడు. ఆయన తర్కం ఇలా నడుస్తుంది. కారణం అన్నది ఏదో ఒకదాన్ని పుట్టిస్తుంది. నాశనం అంటే వస్తువు లేకుండా పోవడం, అంటే ఉత్త అభావం. లేమిని ఎవరు తయారు చేస్తారు? కాబట్టి వస్తువు తనంతట తానే పోతుంది. ఇక్కడితో ఆగితే గొడవ లేదు, కానీ ఆయన ఇంకో అడుగు వేస్తాడు. తనంతట తానే పోయే స్వభావం ఉన్నది పుట్టిన క్షణంలోనే పోవాలి. మొదటి క్షణంలో పోనిది రెండో క్షణంలో మాత్రం ఎందుకు పోవాలి? అది మారలేదు కదా, అదే వస్తువు కదా. మారిందంటారా, అప్పుడది వేరే వస్తువే అయింది. అందుకని ఉన్నదంతా క్షణికం. మనం కట్టె అనుకునేది ఒకదాని వెనక ఒకటిగా పుట్టి పోతున్న క్షణాల వరుస. నిప్పు చేసిందల్లా ఆ వరుసలో తర్వాతి కట్టె పుట్టకుండా చూడడమే.

న్యాయ దర్శనాన్ని నమ్మే నైయాయికులకు ఇది మింగుడు పడలేదు. కుండ ఉంది, కర్రతో కొట్టాం, పెంకులయింది. కొట్టనంత కాలం నిలిచింది, కొట్టగానే పోయింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? కారణం ఉన్నచోట కార్యం ఉండడం, లేనిచోట లేకపోవడం అనే అన్వయ వ్యతిరేకాలు రెండూ సరిపోయాక నాశనానికి కారణం లేదనడం కళ్లు మూసుకోవడమే అన్నారు. వాళ్లలో ఒకడైన ఉదయనుడు ఆత్మతత్త్వవివేకంలో ఈ క్షణిక వాదాన్ని, అంటే క్షణభంగ వాదాన్ని, ఖండించడానికి చాలా శ్రమపడ్డాడు. మన తెలుగువాడిగా సంప్రదాయం చెప్పుకునే అన్నంభట్టు తర్కసంగ్రహం తెరిచినా, కార్యం పుట్టాక దానికి కలిగే అభావానికి మొదలు ఉంటుంది గాని తుది ఉండదన్న లెక్క కనిపిస్తుంది. మొదలున్నదానికి కారణమూ ఉండాలన్నది వాళ్ల పట్టు.

శతాబ్దాల పాటు నడిచిన ఈ వాదంలో ఇరుపక్షాలూ అడగకుండానే ఒప్పుకున్న సంగతి ఒకటుంది. నాశనానికి బయటి కారణం లేకపోతే అది వెంటనే జరిగి తీరాలి, ఆలస్యమైతే బయటి కారణం ఉన్నట్టే. బౌద్ధుడు మొదటి సగాన్ని పట్టుకుని క్షణికవాదానికి వచ్చాడు. నైయాయికుడు రెండో సగాన్ని పట్టుకుని కర్ర దగ్గరకు వచ్చాడు. ఆ ఉమ్మడి ఒప్పందమే తప్పని నా వాదన. ఇది తర్కంతో తేలే తగవు కాదు. లోకంలో అలా కాని వస్తువు ఒకటి ఉందని చూపిస్తే చాలు. అలాంటివి చాలానే ఉన్నాయి. రేడియోధార్మిక పదార్థాలన్నీ ఆ కోవలోవే. కానీ వాటిలో చాలావాటి క్షయం చుట్టుపక్కల పరిస్థితులను దాదాపు ఖాతరు చేయదు కనుక నైయాయికుడి పక్షానికి అక్కడ చోటే దొరకదు. ఇద్దరికీ సమానంగా చోటిచ్చే సాక్షి పాజిట్రోనియం.

పాజిట్రోనియం ఒక వింత పరమాణువు. అందులో కేంద్రకం ఉండదు. ఒక ఎలక్ట్రాన్, దాని ప్రతికణమైన పాజిట్రాన్, రెండూ ఒకదాన్నొకటి చుట్టుకుని ఉంటాయి. హైడ్రోజన్‌ను విడగొట్టడానికి 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, దీనికి అందులో సగం చాలు. 1934లో క్రొయేషియాకు చెందిన స్టెపాన్ మొహొరొవిచిచ్ దీన్ని ఊహించాడు, 1951లో ఎంఐటీలో మార్టిన్ డాయిచ్ వాయువుల్లో పట్టుకున్నాడు. రెండు కణాల స్పిన్‌లు ఎదురెదురుగా ఉంటే అది పారా రకం, సగటున 125 పికోసెకన్లు బతికి రెండు గామా కిరణాలుగా మారిపోతుంది. స్పిన్‌లు ఒకే దిశలో ఉంటే ఆర్థో రకం. దానికి రెండు కిరణాల దారి మూసుకుపోయి ఉంటుంది, కనీసం మూడుగా విడిపోవాలి. అది కష్టమైన దారి కనుక సగటున 142 నానోసెకన్లు నిలుస్తుంది, అంటే వెయ్యి రెట్లకు పైగా ఎక్కువ. ఇక్కడ మాట్లాడేది ఈ ఆర్థో రకం గురించే.

ఈ 142 నానోసెకన్లకు అర్థం ఏమిటో జాగ్రత్తగా చూడాలి. ఎవరైనా పోతే భూమ్మీద నూకలు చెల్లాయంటాం. వచ్చేటప్పుడే ఇన్నని కొలిచి ఇచ్చిన నూకలు రోజూ కొన్ని ఖర్చవుతూ చివరికి అయిపోతాయన్నది ఆ ఊహ. పాజిట్రోనియం దగ్గర అలాంటి మూట ఏదీ లేదు. పుట్టిన 98 నానోసెకన్లకు సగం మిగులుతాయి, మరో 98కి అందులో సగం. 500 నానోసెకన్లు తట్టుకుని నిలిచిన పాజిట్రోనియానికీ అప్పుడే పుట్టినదానికీ ఇకమీదట బతికే అవకాశంలో తేడా వెంట్రుకవాసి కూడా ఉండదు. అది ముసలిదవదు, అరగదు, లోపల ఏ గడియారమూ తిరగదు. వసుబంధుడు వేసిన ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. మారని వస్తువు మొదటి క్షణంలో పోకుండా రెండో క్షణంలో ఎందుకు పోయిందంటే, దాని స్వభావంలో రాసి ఉన్నది పోయే సమయం కాదు, పోయే రేటు. మైక్రోసెకనుకు 7.04 అన్న ఆ రేటు ప్రతి క్షణమూ ఒకేలా ఉంటుంది. వస్తువు మారక్కర్లేదు, బయటి నుంచి ఎవరూ కొట్టక్కర్లేదు, అయినా అది వెంటనే పోదు, ఎప్పటికీ ఉండదు. బౌద్ధుడి నిర్హేతుక నాశనం నిలిచింది, దాని నుంచి ఆయన లాగిన క్షణికత్వం మాత్రం ఊడిపోయింది.

నైయాయికుడి వంతు వాయువుతో మొదలవుతుంది. పాజిట్రోనియం ఏకాంతంలో కాక హీలియంలోనో నైట్రోజన్‌లోనో ఉంటే, దానిలోని పాజిట్రాన్‌కు సొంత జోడీయే దిక్కు కాదు. ఎదురుపడిన వాయు పరమాణువులో తనకు వ్యతిరేక స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్ ఉంటే దానితో కలిసి రెండు కిరణాలుగా పోవచ్చు. భౌతికశాస్త్రజ్ఞులు దీన్ని పికాఫ్ అంటారు. ఢీలు ఎన్ని ఎక్కువైతే అంత ఎక్కువ నష్టం, ఢీల సంఖ్య వాయు సాంద్రతను బట్టి ఉంటుంది కాబట్టి రేటు సాంద్రతతో పాటు సరళరేఖలో పెరుగుతుంది. గది ఉష్ణోగ్రతలో, మామూలు పీడనంలో హీలియం కలిపే పెరుగుదల దాదాపు 1.3 శాతం. కొన్ని వాయువులు ఇంకా దుడుకువి. జోడీ లేని ఎలక్ట్రాన్ ఉన్న నైట్రిక్ ఆక్సైడ్‌ను డాయిచ్ కొద్దిగా కలిపేసరికి దీర్ఘాయుష్షు గలవన్నీ మాయమయ్యాయి. ఢీకొన్నప్పుడు స్పిన్‌లు మారి, ఆర్థో కాస్తా పారా అయి చప్పున పోయింది. ఆక్సిజన్ కూడా అదే పని చేస్తుంది. కర్ర ఉంటే కుండ పగులుతుంది, లేకపోతే లేదు అన్న నైయాయికుడి సాక్ష్యం ఇక్కడ అవునూ కాదూ అన్న రెండు మెట్లలో కాక, ఎన్ని మెట్లు కావాలంటే అన్నిటిలో దొరుకుతుంది. సాంద్రతను తగ్గిస్తూ పోవచ్చు, గీత ఎటు వాలుతుందో చూడవచ్చు. ఆ గీత సున్నా సాంద్రత దగ్గర సున్నా రేటును తాకి ఉంటే నైయాయికుడు పూర్తిగా గెలిచేవాడు. అది 7.04 దగ్గర ఆగింది. మొత్తం రేటు రెండు ముక్కల కూడిక. వాయువుతో కలిసి పెరిగేది ఒకటి, వాయువు ఊసే లేనిది మరొకటి.

సున్నా సాంద్రత దగ్గర గీత 7.04లో ఆగిందని ఒక్క మాటలో అనేశాను గాని, ఆ సున్నాను చేరడానికి పట్టిన శ్రమలోనే అసలు తాత్త్విక సారం ఉంది. పాజిట్రోనియం పుట్టేటప్పుడు ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయి శక్తితో, అంటే చుట్టూ ఉన్న గది వేడికి ఎన్నో రెట్ల వేడితో పుడుతుంది. మెల్లగా ఢీలు కొడుతూ చల్లబడాలి. అయితే అది మహా తేలిక. హీలియం పరమాణువు దానికి మూడున్నర వేల రెట్లకు పైగా బరువు. ఒక్కో ఢీలో పోయే శక్తి వెయ్యో వంతుకు కూడా రాదు, చల్లబడాలంటే వేలకొద్దీ ఢీలు కావాలి. వాయువు దట్టంగా ఉంటే ఆ ఢీలు గబగబా అయిపోతాయి. పలచగా ఉంటే పాజిట్రోనియం సగం ఆయువు గడిచినా ఇంకా వేడి మీదే పరుగెడుతుంటుంది. వేగం ఎక్కువైతే సెకనుకు తగిలే ఢీలూ ఎక్కువే, పికాఫ్ కూడా ఎక్కువే. అంటే సాంద్రతను తగ్గిస్తున్నామని అనుకుంటూ మనకు తెలియకుండానే ఉష్ణోగ్రతను పెంచుతున్నాం. ఒక పరిస్థితిని తొలగించే ప్రయత్నంలో మరొకటి దొడ్డిదారిన లోపలికి వస్తోంది.

దీనికి భారీ మూల్యమే చెల్లించాల్సి వచ్చింది. 1989లో మిషిగన్ విశ్వవిద్యాలయ బృందం వాయువుల్లో కొలిచి, గీతను సున్నా సాంద్రతకు లాగి ప్రకటించిన రేటు 7.0514. సిద్ధాంతం అప్పటికి చెబుతున్న అంకె 7.0383. తేడా వెయ్యింట రెండు పాళ్లు కూడా లేదు, కానీ కొలతలో దొర్లగల దోషం ఆ తేడాలో సుమారు పదో వంతే. మరుసటి ఏడాది శూన్యంలో కొలిచినా అంకె ఎక్కువగానే వచ్చింది. ఎలక్ట్రాన్లూ కాంతీ గురించి అత్యంత కచ్చితమైనదిగా పేరుపొందిన సిద్ధాంతానికి ఇది తలవంపు. కొందరు కొత్త కణాల కోసం చూశారు. షెల్డన్ గ్లాషో 1986లోనే దర్పణ లోకం అనే ఊహకు పాజిట్రోనియాన్ని ఒక పరీక్షగా చూపించి ఉన్నాడు. తర్వాత మరికొందరు ఈ తేడాను ఆ కనబడని లోకంతోనే సరిపెట్టబోయారు. (అదృష్టం అనే పేరుతో కనబడని కారణాన్ని పెట్టుకున్న నైయాయికుణ్ణి వెక్కిరించేవాళ్లు ఈ ముచ్చట ఒకసారి గుర్తు చేసుకోవాలి.) టోక్యో బృందం 1995లో సిలికా పొడిలో, చల్లబడే తీరును కూడా లెక్కలోకి తీసుకుని కొలిస్తే 7.0398 వచ్చింది. 1998లో మిషిగన్ వాళ్లే వాయువుల్లో పాజిట్రోనియం అనుకున్నంత త్వరగా చల్లబడదని కొలిచి చూపారు. 2000లో ఆడ్కిన్స్, ఫెల్, సాపిర్‌స్టీన్‌లు సిద్ధాంతం వైపు మిగిలిన కష్టమైన లెక్కను పూర్తి చేస్తే అది 7.0400 దగ్గర తేలింది. 2003లో మిషిగన్ బృందం సూక్ష్మ రంధ్రాలున్న సిలికా పొర నుంచి నెమ్మదిగా వెలువడే పాజిట్రోనియాన్ని శూన్యంలో కొలిచి 7.0404 అంది. అంతటితో దర్పణ లోకం అవసరం తీరిపోయింది.

ఈ కథలో తప్పు ఎక్కడ జరిగిందో గమనించండి. గీతను సున్నాకు లాగడంలో కాదు, గీత మీది చుక్కలన్నీ ఒకే రకం పరిస్థితికి చెందినవని నమ్మడంలో. స్వభావాన్ని పరిస్థితుల నుంచి వేరు చేయడం అసాధ్యమని ఇది చెప్పడం లేదు. వేరు చేయాలంటే ప్రతి పరిస్థితినీ విడివిడిగా కదిపి చూడాలని, ఒకటి కదిపితే మరొకటి కదులుతోందేమో అనుమానించాలని చెబుతోంది. మన దర్శనాల్లో స్వభావం గురించి జరిగిన చర్చలో నాకు కనిపించే లోటు ఇదే. అందరూ పరిస్థితులు ఉన్నాయా లేవా అని అడిగారు, ఎంత మేరకు అని అడిగినవాళ్లు అరుదు.

పరిస్థితి ఇంకా చిక్కుపడే చోటు కూడా ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. పరమ సున్నాకు కొద్ది కెల్విన్ల పైన, దట్టమైన హీలియంలో సాంద్రత పెంచుతూ పోతే పాజిట్రోనియం పోయే రేటు గీత ప్రకారం పెరుగుతూ వచ్చి ఒకచోట దిగజారుతుంది. మందలో రద్దీ పెరిగే కొద్దీ ఆయువు పెరగడం లాంటి వింత ఇది. కారణం ఏమిటంటే, హీలియం పరమాణువులు పాజిట్రోనియాన్ని దగ్గరికి రానీయవు, అదీ వాటిని నెట్టేస్తుంది. చల్లగా, దట్టంగా ఉన్నప్పుడు అది తన చుట్టూ పరమాణువులను తోసేసి ఖాళీ బుడగ చేసుకుని అందులో కూర్చుంటుంది. ద్రవ హీలియంలో దాని ఆయువు ఊహించినదానికంటే ఎందుకు ఎక్కువగా ఉందో వివరించడానికి 1957లో ఫెరెల్ ఈ బుడగను ప్రతిపాదించాడు. వేడి పెరిగితే పరమాణువుల కదలిక ఆ బుడగను నిలవనీయదు. ఇక్కడ పరిస్థితి బయటి నుంచి వస్తువు మీద పడడం లేదు. వస్తువే తన పరిస్థితిని కట్టుకుంటోంది. అయితే సొంత రేటు, బయటి రేటు అన్న విభజన కూలిపోయిందా? లేదు. బుడగలో ఉన్నా 7.04 అన్న ముక్క అలాగే ఉంటుంది, మారేది పికాఫ్ ముక్క మాత్రమే. కూలిపోయింది ఒక్కటే, బయటి ముక్క సాంద్రతతో సరళరేఖలో నడుస్తుందన్న సులువైన నమ్మకం.

అన్నిటికంటే బలమైన ఆక్షేపణ నాగార్జునుడి నుంచి వస్తుంది. నాగార్జునకొండకు తన పేరు మిగిల్చిన ఈ ఆచార్యుడు మూలమధ్యమక కారికల్లో స్వభావానికి పెట్టిన షరతు కఠినమైనది: అది చేయబడినది కాకూడదు, మరొకదాని మీద ఆధారపడకూడదు. ఆయన అడిగేది ఇలా ఉండవచ్చు. వాయువునంతా తీసేశావు, సరే. మిగిలినది పాజిట్రోనియం ఒక్కటేనా? మీ సిద్ధాంతం ప్రకారమే శూన్యం ఊరికే లేదు కదా. కాంతి క్షేత్రం అక్కడా ఉంది, కణం దానితో కలవడం వల్లనే కిరణాలుగా పోగలుగుతోంది. ఆ కలయిక బలం వేరుగా ఉంటే 7.04 కూడా వేరుగా ఉండేది. మరి దాన్ని స్వభావం అని ఎలా అంటావు? ఈ ఆక్షేపణను నేను ఒప్పుకుంటాను. ఒప్పుకున్నా నా వాదనకు వచ్చిన నష్టం లేదు. నాగార్జునుడి అర్థంలో నిరపేక్ష స్వభావం పాజిట్రోనియానికి లేదు. కానీ అన్ని ఆధారాలూ ఒక్క రకం కావు. వాయువును తీసేయగలం, పెట్టగలం, మార్చగలం. క్షేత్రాన్ని తీసేస్తే పాజిట్రోనియమే ఉండదు, ఎలక్ట్రాన్ పాజిట్రాన్‌లను జోడీగా పట్టి ఉంచుతున్నదీ అదే మరి. తీసేస్తే వస్తువు మిగిలే ఆధారానికీ, తీసేస్తే వస్తువే మిగలని ఆధారానికీ మధ్య గీత గీయడం ఆయన శూన్యవాదానికి విరుద్ధం కాదు. వ్యవహారంలో స్వభావం అనే మాటకు నిజాయతీగా మిగిలే అర్థం బహుశా అదే.

నైయాయికుడి ఆక్షేపణ వేరు. ఎలక్ట్రాన్, పాజిట్రాన్ ఒకేచోట కలవడమే కారణం, దాన్ని కారణం లేని నాశనం అనడం ఏమిటంటాడు. రేటుకు కారణం అదేనన్న మాట నిజం. ఆ రెండూ ఒకే బిందువులో ఉండే అవకాశం ఎంతో దాన్ని బట్టే రేటు తేలుతుంది. కానీ ఆ అవకాశం పుట్టినప్పటి నుంచీ ఒకేలా ఉంది. నిన్నా నేడూ మార్పు లేని కారణం, నేడే ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు కాలేదు. లోపల మనకు కనబడని గడియారం ఏదో ఉండి ఉండవచ్చు కదా అంటే, క్వాంటం సిద్ధాంతానికి అలాంటి నిర్ణీతవాద వ్యాఖ్యానాలు ఉన్న మాట వాస్తవమే, డేవిడ్ బోమ్‌ది అందులో పేరున్నది. అయినా అవి చూపించేది పుట్టుకలోనే ఉన్న తొలి స్థితిని, మధ్యలో వచ్చి తగిలిన కర్రను కాదు. నైయాయికుడికి కావలసింది కర్ర.

సాంఖ్యులు పక్కన కూర్చుని నవ్వుతారని తెలుసు. ఏదీ నాశనం కాలేదు, రూపం మారింది, శక్తి లెక్క చూసుకోండి అంటారు. లెక్క నిజంగానే సరిపోతుంది. రెండు కణాల ద్రవ్యరాశి మొత్తం, 1022 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, దాదాపు పూర్తిగా ఆ కిరణాల్లో పంచుకుపోతుంది. కానీ ఆ కిరణాల్లో పాజిట్రోనియం ఎక్కడా లేదు, పట్టి తిరిగి తీసుకురావడానికి దాని ఆనవాలూ లేదు. నిలిచింది శక్తి మొత్తమే. ఆ వ్యక్తి నిలవలేదు. మనం నాశనం గురించి అడిగింది ఆ వ్యక్తి గురించే.

ఇక కుండలకూ కట్టెలకూ ఈ కణం కథ వర్తిస్తుందా అన్న అనుమానం న్యాయమైనదే. కుండ కోటానుకోట్ల పరమాణువుల మూక, దానికి అలుపూ పగుళ్లూ ఉంటాయి, కర్ర దెబ్బే దాని చావులో దాదాపు అంతా. కుండ విషయంలో నైయాయికుడితో నాకు పేచీ లేదు. నాశనానికల్లా కారణం కావాలన్నది సార్వత్రిక నియమం అన్నప్పుడే పేచీ. నాశనానికల్లా కారణం అక్కర్లేదు అన్న బౌద్ధుడి సార్వత్రిక నియమంతోనూ అంతే పేచీ. ఒకే పాజిట్రోనియం గుంపులో కొన్ని తమంతట తాము పోతాయి, కొన్ని వాయువు తగిలి పోతాయి. మూడు కిరణాలు వచ్చాయా రెండు వచ్చాయా చూసి ఏది ఎలా పోయిందో చాలాసార్లు చెప్పగలం కూడా. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పాజిట్రాన్లను వాడే పెట్ స్కాన్‌కు పడుకున్న రోగి ఒంట్లో సైతం ఈ రెండు రకాల చావులూ జరుగుతుంటాయి. అక్కడ ఆర్థో పాజిట్రోనియం కణజాలంలోని ఎలక్ట్రాన్ల మధ్య ఇరుక్కుని రెండు నానోసెకన్ల దరిదాపుల్లోనే పోతుంది. మామూలు స్కానర్ ఆ కాలాన్ని కొలవదు, విలయం ఎక్కడ జరిగిందో మాత్రమే చూస్తుంది. పోలండ్‌లోని క్రాకొవ్‌లో తయారైన జే-పెట్ యంత్రం ఆ కాలాన్నే బొమ్మగా గీస్తుంది, 2024లో మనిషి మెదడులో పాజిట్రోనియం ఆయువును చూపించే తొలి చిత్రాన్ని ఆ బృందం ప్రచురించింది. కణజాలంలోని ఖాళీల పరిమాణాన్నీ ఆక్సిజన్ అందుబాటునూ బట్టి ఆ ఆయువు మారుతుంది గనుక కణితిలో ఆక్సిజన్ కొరతను దానితో పసిగట్టవచ్చన్నది వాళ్ల ఆశ. మిషిగన్‌లో, టోక్యోలో ఏళ్ల తరబడి కష్టపడి వదిలించుకోవాలని చూసిన ఆ బయటి ముక్కే ఇప్పుడు వైద్యుడికి కావలసిన వార్త. 7.04 అన్న సొంత ముక్క ఆయనకు ఎందుకూ పనికిరాదు, ఆయన తీసేయాల్సింది దాన్నే.